బాయిలర్ ముట్టించని బుధవారం

నకిరేకల్,
ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర

అరేయ్ లెక్కల పంతులూ,

నీ ఉత్తరం సంక్రాంతికే వచ్చింది. జవాబు ఇప్పుడు రాస్తున్నా, ఎంత తిట్టినా పడతా. అమ్మ మోకాళ్ళ నొప్పి కొంచెం నయం. చెల్లె సంబంధం ఇంకా ఏమీ తేలలేదు. బోరు పోస్తోంది. అందరం బాగున్నాం. ఇక అసలు సంగతి విను, నాలుగు రోజులుగా కడుపులో ఆగట్లేదు.

మొన్న బుధవారం మా డెయిరీలో పాలు కాచడానికి బాయిలర్ ముట్టించలేదు. మధ్యాహ్నం మూడింటి దాకా పాలన్నీ ఎండతోనే కాచాం!

కరెంటు ఇచ్చే సోలార్ పలకలనుకుంటావేమో, అవి కాదురా, అద్దాలు. షెడ్డు వెనక జాగాలో ఆరు డిష్‌లు పెట్టారు. ఒక్కోటి 16 చదరపు మీటర్లు, లోపలంతా అద్దం ముక్కలే. పొద్దు వెంబడి మెల్లగా తిరుగుతూ, పడ్డ ఎండనంతా పళ్ళెమంత ఇనుప డబ్బా మీదికి తోస్తాయి. అందులో నీళ్ళు కాగుతాయి, ఆ నీళ్ళ వేడి పాలకెక్కుతుంది. తొమ్మిదో తరగతిలో కిటికీ పక్కన కూర్చుని పగిలిన అద్దం ముక్కతో నువ్వు చేసిన పనే ఇది. "మెరుపు సార్, మెరుపు!" అని నేను సాక్ష్యం చెప్పా చూడు, రాస్తుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది.

నీకు లెక్క చెప్పకపోతే నిద్ర పట్టదు కదా. పలకల మీద పడ్డ ఎండలో కరెంటుగా మారేది ఇంచుమించు ఐదో వంతు. ఇక్కడ వేడిని వేడిగానే వాడుకుంటాం కాబట్టి దాదాపు సగం చేతికొస్తుంది. క్రిములు చావడానికి పాలకు కావాల్సింది 72 డిగ్రీలు, 15 సెకన్లు, అంతే. పైగా కాగి బయటికి పోయే పాలు తమ వేడిని లోపలికొచ్చే చల్లటి పాలకు ఇచ్చి పోతాయి, మనం కలపాల్సింది పైన కొంచెమే. ఆ కొంచెం కోసం ఇన్నేళ్ళు మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి లారీల కొద్దీ ఊక తెచ్చి తగలబెట్టాం.

ఇది కొత్త సంగతి కూడా కాదురా. లాతూర్‌లో మహానంద డెయిరీకి 160 చదరపు మీటర్ల ఒకే పెద్ద డిష్ పెట్టి పాలు కాచారు. తిరుమలలో 2002లోనే 106 డిష్‌లు పెట్టారు, రోజుకు పదిహేను వేల మందికి ఆవిరితో వండేటట్టు. ఇంటర్ అయ్యాక మనం కొండకు పోయినప్పుడు సాంబారు మూడుసార్లు పోయించుకున్నావు చూడు, ఎవరికి తెలుసు, అది ఎండ కాచిన సాంబారేనేమో!

ఎక్కడున్నా? ఆఁ, బుధవారం. రాత్రి నాలుగు డిగ్రీల చలిలో ఉంచిన పాలను పదిన్నరకు వదిలాం. అంతకు ముందే తెల్లారి నేనూ బాయిలర్ కాకా అద్దాలన్నీ తుడిచాం. హైవే దుమ్ము ఒక్కరోజు వదిలేస్తే వేడి తగ్గిపోతుంది. డబ్బాలోకి పోయే నీళ్ళకు కూడా సాఫ్ట్‌నర్ పెట్టాం. మన బోరు నీళ్ళకు గిన్నెల మీద తెల్లటి పొర ఎట్లా కడుతుందో నీకు చెప్పాలా.

పదకొండు ఇరవైకి దేవరకొండ వైపు నుంచి ఒక మబ్బు వచ్చింది. ఒక్కటే. అద్దాలకు నేరుగా పడే ఎండే కావాలి, మసక వెలుగు పనికిరాదు. వేడినీళ్ళ ట్యాంకు కూడా అప్పటికింకా పూర్తిగా కాగలేదు. పాల వేడి చూపే ముల్లు 73 నుంచి 72కు జారింది, అక్కడ కాసేపు వణికింది, తర్వాత కిందికి దిగింది. టక్‌మని వాల్వ్ తిరిగింది. వేడి సరిపోని పాలు ప్యాకింగ్ వైపు పోకుండా వెనక్కి పాల ట్యాంకులోకే పోతాయి, చుక్క కూడా పాడు కాదు. అది తెలిసినా నా గుండె ఆగినంత పనైంది. ఓనరు ఏమీ మాట్లాడలేదు. కాకా లేచి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి బాయిలర్ దిక్కు నడిచాడు. "పది నిమిషాలు ఆగు కాకా" అన్నా. ఆగాడు. అగ్గిపెట్టె అట్లాగే పిడికిట్లో పట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

ఎనిమిది నిమిషాలకు ఎండ వచ్చింది. 71, 72, 73. టక్! ఎవరు ముందు చప్పట్లు కొట్టారో తెలియదు.

నాకు ఇంకా కళ్ళ ముందే ఉన్నది మాత్రం కాకానే. ఇరవై ఏళ్ళుగా ఊక పొగ మింగి దగ్గుతున్న మనిషి ఆ రోజు తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. సాయంత్రం చూపించాడు, మరక లేదు. నెల నుంచి నాకు ఒకటే టెన్షన్, బాయిలర్ పని తగ్గితే ఈయన్ని తీసేస్తారేమోనని. ఓనరును అడిగా, గట్టిగానే అడిగా. అద్దాల పని కాకాకే ఇచ్చారు. సూర్యుడి దారి మారే కొద్దీ డిష్‌ల వంపు చేత్తో సరిచేయాలి, అది నేర్చుకుంటున్నాడు. వానాకాలం ఎట్లాగూ ఊక తప్పదు, కడుగుడు పనికి సాయంత్రం పూట ఇప్పటికీ బాయిలర్ కావాలి. అయినా ఏడాదిలో ఎనిమిది నెలల ఎండ ఉన్న జిల్లా మనది, దీన్ని ఇన్నాళ్ళూ

అదిగో, పాల బండి హారన్ కొడుతోంది. క్యాన్లు దింపాలి. నువ్వు ఉగాదికి వస్తావా రావా, అది రాయి ముందు.

నీ
మెరుపు సాక్షి