విషయం: గీత పడిన ఎల్‌పీ రికార్డును వాపసు తీసుకోవడానికి నిరాకరించడంపై ఫిర్యాదు

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అమెరికన్ జాజ్ బృందం ఆర్ట్ ఆన్సాంబుల్ ఆఫ్ షికాగో వారి 'నైస్ గైస్' ఆల్బమ్ ఎల్‌పీ రికార్డును మీ ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను. 'కొత్తది, సీలు విప్పనిది' అని మీరు ప్రకటించిన ఆ రికార్డు సీలు లేకుండానే నాకు చేరింది. డిస్కు మీద వేలిముద్రలున్నాయి. మొదటి వైపున, మధ్యలో లేబులు అంచు నుంచి చివరి రచన గాడుల మీదుగా ఒక గీత స్పష్టంగా కనబడుతోంది. దాని మీదుగా సూది వెళ్లినప్పుడల్లా 'టక్కు'మనే శబ్దం వస్తోంది. ఫొటోలు, ఆ శబ్దాన్ని రికార్డు చేసిన ఫైలు పంపి వాపసు కోరగా, మీ సేవా విభాగం వారు ఇది ప్రయోగాత్మక సంగీతమనీ, ఇలాంటి శబ్దాలు ఇందులో భాగమేననీ, కనుక లోపంగా పరిగణించలేమనీ జవాబిచ్చి నా అభ్యర్థనను ముగించారు. సీలు సంగతి, వేలిముద్రల సంగతి ఆ జవాబులో ఎక్కడా లేవు.

ఈ బృందం వింత శబ్దాలు చేస్తుందన్న మాట నిజమే. లెస్టర్ బౌవీ, రాస్కో మిచెల్, జోసెఫ్ జార్మన్, మలాకై ఫేవర్స్, డాన్ మోయే అనే ఐదుగురు ట్రంపెట్, శాక్సోఫోన్, బేస్, డ్రమ్స్‌తో ఆగకుండా గంటలు, ఈలలు, హారన్లు వంటి చిన్నాచితకా వాద్యాలన్నిటినీ వేదిక మీదికి తెచ్చినవారు. ఈ ఒక్క ఆల్బమ్‌లోనే మొదటి రచన నడుమ జమైకాకు చెందిన రెగ్గే సంగీత లయలోకి మళ్లుతుంది, చివరిది ప్రసిద్ధ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌కు నివాళిగా సాగుతుంది. అయితే ఇవన్నీ 1978 మే నెలలో జర్మనీలోని లుడ్‌విగ్స్‌బుర్గ్ స్టూడియోలో, మన్‌ఫ్రెడ్ ఐకర్ నిర్మాతగా, ఏ శబ్దం ఎక్కడ మోగాలో, ఎక్కడ ఆగాలో ఎరిగి రికార్డు చేసినవి. మొదటి వైపు చివర వచ్చే మోయే రచన 'ఫోకస్' సుమారు 11 నిమిషాలుంటుంది. అందులో ఒక మోతకూ మరో మోతకూ మధ్య వదిలిన ఖాళీ కూడా సంగీతమే కాబట్టి, నా డిస్కులో వినబడే 'టక్కు' సరిగ్గా అక్కడే భరించరానిదవుతోంది. గట్టిగా మోగే సాధారణ పాటల రికార్డులో ఈ లోపాన్ని నేను కొంత సహించేవాడినేమో.

ఆ 'టక్కు' వాద్యకారులది కాదని తేల్చడానికి జాజ్ పరిజ్ఞానం అక్కర్లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు ఒక్క చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. నా డిస్కులోని శబ్దం లయ మారినా, వాద్యాలు మారినా పట్టించుకోకుండా ప్రతి 1.8 సెకన్లకూ ఒకసారి వినబడుతోంది. అంతేకాదు, సంగీతం ముగిసి సూది చివరి ఖాళీ గాడిలో తిరుగుతున్నప్పుడు కూడా అదే శబ్దం అదే వ్యవధిలో వస్తోంది. వాయించేవారు లేని చోట ప్రయోగం ఎవరు చేస్తున్నట్టు? మిత్రుని టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మీద పెట్టినా ఫలితం ఇదే. ఇదే ఆల్బమ్ డిజిటల్ ప్రతిలో ఆ శబ్దం జాడ కూడా లేదు. ప్రచురణ సంస్థపై నాకు ఫిర్యాదు లేదు. ఎవరో వాడి తిప్పి పంపిన ప్రతిని మీరు కొత్తదిగా అమ్మారన్నదే నా అభియోగం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వచ్చిన 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపమున్న వస్తువును గానీ, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి విక్రేత నిరాకరించరాదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, ఒక నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత మీపై ఉంది.

కాబట్టి నిజంగా సీలు విప్పని ప్రతినైనా పంపండి, లేదా డెలివరీ ఛార్జీలతో సహా పూర్తి సొమ్ము తిరిగివ్వండి. ఈ డిస్కును మీ ఖర్చుతోనే తీసుకువెళ్లాలి. తీసుకువెళ్లాక దాన్ని మళ్లీ 'కొత్తది' అని మరొకరికి అమ్మబోమని లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కూడా కోరుతున్నాను. గడువులోగా పరిష్కారం లభించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను. ఆర్డరు రసీదు, ఫొటోలు, ఖాళీ గాడి శబ్దంతో కూడిన ఫైలు ఈ లేఖతో జతపరుస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్