లిండ్‌స్ట్రోమ్ ఊరివాళ్లకు కృతజ్ఞతలు: చెరువు కొలిచి, కాఫీ కాచి పెట్టినందుకు

ఈ చలికాలం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్, సెయింట్ పాల్‌ల నుంచి (మనవాళ్లకు ఇక్కడ కూడా జంటనగరాలే) వెళ్లిన నలభై మంది తెలుగువాళ్లను గడ్డకట్టిన చెరువు మీద క్షేమంగా నడిపించి, వేడి కాఫీ పోసి పంపిన లిండ్‌స్ట్రోమ్ ఊరివాళ్లకు మా అందరి తరఫున నమస్కారాలు. వాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరం విడిగా వెళ్లింది. ఇది తెలుగులో రాయడం ఎందుకంటే, వాళ్లు నేర్పిన కొలతలు వచ్చే డిసెంబరుకల్లా మనవాళ్లందరికీ తెలిసి ఉండాలి.

ఊరు చిన్నది, జనాభా ఐదు వేల దరిదాపుల్లోనే. జంటనగరాలకు ఈశాన్యంగా సుమారు 35 మైళ్లు, 8వ నంబరు హైవే మీద వస్తుంది. ఎటు తిరిగినా చెరువే. 1850లలో స్వీడన్ నుంచి, ముఖ్యంగా స్మోలాండ్ వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబాలు ఈ చెరువుల మధ్య నేల చదును చేసుకుని స్థిరపడ్డాయి. పక్కనే ఉన్న సెంటర్ సిటీలో వాళ్ల లూథరన్ చర్చి 1854లో మొదలైంది. ఊళ్లోకి వెళ్తుంటే కాఫీ కూజా ఆకారంలో పాత నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది, దాని మీద స్వీడిష్‌లో ‘స్వాగతం’ అని రాసి ఉంటుంది. బోర్డుల మీద ఊరి పేరులో ‘ఓ’ అక్షరం నెత్తిన ఉండే రెండు చుక్కలను కూడా చూడండి. మామూలు ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న నిబంధన వల్ల హైవే బోర్డుల మీద అవి ఎగిరిపోతే, 2015 ఏప్రిల్‌లో గవర్నర్ మార్క్ డేటన్ ఉత్తర్వు ఇచ్చి మళ్లీ పెట్టించారు. పాస్‌పోర్టులో దీర్ఘాలన్నీ పోగొట్టుకున్న మనకు ఆ పట్టుదల విలువ తెలుసు.

ఇక చెరువు సంగతి. మేం చేరేసరికే ఊరి పెద్దలు కొందరు గట్టు నుంచి మేం వెళ్లాల్సిన చోటు దాకా రంధ్రాలు వేసి, మంచు మందం కొలిచి, దారికి రెండు వైపులా కొమ్మలు పాతి ఉంచారు. ముందు గడ్డపారతో గట్టిగా పొడుస్తారు. ఒకటి రెండు పోట్లకే దిగిపోతే ఇంక అక్కడి నుంచి వెనక్కే. దిగకపోతే చేతి బరమాతో రంధ్రం వేసి, కొస వంచిన కొలబద్ద లోపలికి దించి, మంచు అడుగు అంచుకు తగిలించి అంగుళాలు చదువుతారు. ప్రతి 150 అడుగులకూ ఇదే పని. గట్టు దగ్గర ఆరంగుళాలుందని నడిమధ్యన కూడా ఉంటుందనుకోకూడదు. నిన్నటి కొలత ఇవాళ్టికి చెల్లదు.

మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెప్పే లెక్క ఇది: నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు (మంచు మీద నడిపే బండి) 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10. ఈ లెక్కలన్నీ కొత్తగా గడ్డకట్టిన, గాజులా కనిపించే మంచుకే. పాలలా తెల్లగా ఉన్న మంచుకు సగం బలమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. పైన హిమం (ఆకాశం నుంచి రాలిన మెత్తని మంచు) పేరుకున్న చోట కింద మంచు నెమ్మదిగా కడుతుంది, ఎందుకంటే హిమం దుప్పటిలా కప్పి చలిని కిందికి పోనివ్వదు. రెండు చెరువులను కలిపే కాలువలు, వంతెనల కింద, వాగు వచ్చి కలిసే చోటు, తుంగ మొలిచిన అంచులు, ఇవన్నీ ఎంత చలిలోనైనా అనుమానించాల్సిన జాగాలు. అక్కడ నీరు కదులుతూ ఉంటుంది, లేదా మొక్కలు మంచును బిగియనివ్వవు. చెరువు మధ్య ట్రక్కులు నిలబెట్టి ఉన్నా మా కార్లు మాత్రం గట్టు దాటనివ్వలేదు. మొదట చిన్నబుచ్చుకున్నవాళ్లున్నారు, తర్వాత అర్థమైంది.

‘ధన్’మని చెరువు లోపలి నుంచి చప్పుడు వస్తే పిల్లలు హడలిపోయారు. చలి హెచ్చుతగ్గులకు మంచు పలక సాగడం, ముడుచుకోవడం వల్ల వచ్చే మోత అది. మోత వచ్చినంత మాత్రాన మంచు విరుగుతోందని కాదు, రాకపోతే గట్టిగా ఉందనీ కాదు. కొలతే నమ్మాలి.

అసలు ప్రమాదం మన అలవాటులోనే ఉంది: గ్రూప్ ఫొటో. నలభై మంది, మనిషికి 70 కిలోల చొప్పున 2,800 కిలోలు. ఒక ట్రక్కు బరువును తెచ్చి ఒకే చోట నిలబెట్టినట్టు. ఫొటో గట్టు మీదే తీసుకోమన్నారు, చెరువు మీద మాత్రం ఎడం ఎడంగా నడవమన్నారు. ఈ ఒక్క మాటకే ప్రత్యేకంగా దండం పెట్టాలి.

ఒక్కొక్కరి మెడలో ఒక జత మేకుల పిడులు వేశారు. జానెడు కన్నా చిన్న కర్రపిడి, కొసన మేకు, రెంటినీ కలుపుతూ తాడు. నీళ్లలో పడితే వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే అప్పటిదాకా మనల్ని మోసిన మంచు అదే. మేకులు గుచ్చి పట్టుకుని, కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తూ పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడొద్దు, దొర్లుతూ దూరం రావాలి. చూసినవాళ్లు దగ్గరికి పరుగెత్తకుండా తాడు విసరాలి, అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

కాఫీ చర్చి కింది హాల్లో. స్వీడిష్ పేరుతో ఇక్కడి లూథరన్ చర్చిల్లో కాచే గుడ్డు కాఫీ అది. పది కప్పులకు లెక్క: ముప్పావు కప్పు, అంటే దాదాపు 60 గ్రాముల బరక కాఫీ పొడి, ఒక గుడ్డు, కలపడానికి పావు కప్పు చన్నీళ్లు. గుడ్డు కొట్టి, పెంకు కూడా నలిపి, పొడిలో కలిపితే తడి మట్టిలా ముద్ద అవుతుంది. తొమ్మిది కప్పుల నీళ్లు తెర్లుతున్నప్పుడు ఆ ముద్ద వేసి, మంట తగ్గించి మూడు నిమిషాలు. నురగ ఒక్కసారి లేస్తుంది, అందుకే గిన్నె మూడొంతుల్లో రెండొంతులకు మించి నింపరు. ముద్ద గడ్డలా కట్టి పైకి తేలాక దించి, ఒక కప్పు ఐసు నీళ్లు పోస్తే పది నిమిషాల్లో అడుగుకు దిగుతుంది. పైనుంచి నెమ్మదిగా వడగట్టాలి. గుడ్డులోని ప్రొటీన్ వేడికి గట్టిపడుతూ సన్నని నలుసులనూ కొంత వగరునూ పట్టేస్తుంది కాబట్టి కాఫీ తేనె రంగులో తేటగా వస్తుంది, నీచు వాసన ఉండదు. నలభై మందికి నాలుగు గుడ్లు, మూడు కప్పుల పొడి పట్టింది.

ఇంట్లో చేస్తే చెడేది రెండు చోట్ల. మన ఫిల్టర్ కాఫీ పొడి మరీ మెత్తన, పైగా చికోరీ ఉంటుంది, బురదలా అవుతుంది. గరిటె పెట్టి తిప్పితే గడ్డ చెదిరి, ఇక తేరుకోదు. పాలు పోస్తే పాల రుచే మిగులుతుంది. చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని నల్లగా తాగడం స్వీడన్ పాత పద్ధతి, అదే బాగుంది.

శాకాహారులు జాగ్రత్త: చూస్తే గుడ్డు జాడే తెలియదు. అడక్కముందే కాఫీ కాచిన ఆడవాళ్లు గుడ్డు లేని కాఫీ వేరే గిన్నెలో, వేరే గరిటెతో, కాగితం మీద రాసి విడిగా పెట్టారు. మన పెళ్లిళ్లలో కూడా అంత శ్రద్ధ అరుదు. వాళ్లందరికీ మరోసారి ధన్యవాదాలు.

ఒక మనవి. ఊరివాళ్ల గడ్డపార ఒకటి, పిడికి ఎర్ర తాడు ఉచ్చు ఉన్నది, మన కార్లలో దేన్లోనో వచ్చేసింది. ఆ తాడు మణికట్టుకు వేసుకునేది, జారి రంధ్రంలో పడిపోకుండా. ఎవరి డిక్కీలో ఉందో చూసి చెప్పండి, మంచు కరిగేలోపు తిరిగి ఇచ్చేయాలి.