‘పాలు పడలేదు’ అని తేల్చే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాల సందర్భంగా పత్రికలన్నీ తల్లిపాల విశిష్టతపై వ్యాసాలు ప్రచురిస్తాయి. అవి అవసరమే. అయితే ప్రసూతి వార్డుల్లో చాలాకాలం స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత తల్లిపాల సలహాదారుగా పనిచేసిన నాకు, తల్లిపాలు మంచివని తెలియని తల్లి కనబడడం అరుదు. కాన్పయిన తొలి మూడు రోజుల్లో మంచం పక్కన నిలబడి చేయవలసిన సాయం అందని తల్లులే ఎక్కువగా కనబడతారు. పరిశోధనలు చెబుతున్నదానికి, ఆ మంచం దగ్గర జరుగుతున్నదానికి మధ్య ఉన్న దూరం గురించే ఈ లేఖ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందుకున్న పిల్లలు 37 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో 52 శాతం. తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు కావడం ఇందుకు ఒక కారణం. కానీ వెన్నుకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెట్టి, జారిపోకుండా పట్టుకునే మనిషి ఒకరు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే చాలా సందర్భాల్లో ఆ పని అక్కడే మొదలవుతుంది.

రెండో రోజుకల్లా వినబడే మాట ‘పాలు పడలేదు’. బిడ్డ ఏడుస్తుంది, అమ్మమ్మ కంగారు పడుతుంది, ఎవరో ఒకరు డబ్బాపాలు కలిపి తెస్తారు. తొలి ఇరవై నాలుగు గంటల్లో బిడ్డకు ఒక్కో తేపకు అందే ముర్రుపాలు సుమారు 2 నుంచి 10 మిల్లీలీటర్లేనని, పాలు ధారాళంగా దిగడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మొదలవుతుందని, సిజేరియన్ అయినవారికీ తొలికాన్పు వారికీ మధుమేహం ఉన్నవారికీ ఇది కాస్త ఆలస్యం కావచ్చని పరిశోధనలు ఏనాడో తేల్చాయి. ఒకేసారి 30 మిల్లీలీటర్ల డబ్బాపాలు తాగిన బిడ్డ గంటల తరబడి నిద్రపోతుంది. నిద్రపోయిన బిడ్డ రొమ్ము చీకదు. చీకని రొమ్ములో పాలు ఊరవు. లేని కొరతను ఆ సీసాయే తెచ్చిపెడుతుంది.

బరువు విషయంలోనూ ఇంతే. కాన్పుకు ముందు తల్లికి ఎక్కించిన సెలైన్‌లో కొంత బిడ్డ ఒంట్లోకీ చేరుతుంది, దాన్ని బిడ్డ తొలి రోజే మూత్రంగా వదిలేస్తుంది. అందువల్ల పుట్టినప్పటి బరువుతో పోల్చితే తగ్గుదల ఉన్నదానికంటే ఎక్కువగా కనబడవచ్చునని, ఇరవై నాలుగు గంటల నాటి బరువును ప్రాతిపదికగా తీసుకోవాలని కెనడా పరిశోధకులు 2011లోనే సూచించారు. ఇన్ని సిజేరియన్లు జరిగే మన రాష్ట్రాల్లో ఈ విషయం ప్రతి సలహాదారుకీ నోటికి రావాలి. కేస్‌షీట్‌లో ‘బరువు తగ్గింది, టాప్‌ఫీడ్ (పైపాలు) ఇవ్వండి’ అన్న వాక్యం పక్కన తల్లికి ఎన్ని సెలైన్ సీసాలు ఎక్కించారో, బిడ్డ ఎన్నిసార్లు మూత్రం పోసిందో, ఎవరైనా కూర్చుని ఒక్క తేపైనా పాలు పట్టడం చూశారో లేదో రాసి ఉండడం నేను చూసింది తక్కువ.

పాలు పట్టడం చూడడమంటే గుమ్మంలో నిలబడి ‘పడుతున్నావామ్మా?’ అని అడిగి వెళ్లిపోవడం కాదు. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనిందా, నోరు పెద్దగా తెరిచిందా, చనుమొన మాత్రమే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లిందా, బుగ్గలు లోపలికి పీల్చుకుపోతున్నాయా, గుటక వినబడుతోందా, నోరు వదిలాక చనుమొన నొక్కుకుపోయి పలకగా ఉందా అని చివరిదాకా గమనించాలి. కుట్లు లాగుతున్న తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, బిడ్డ ఒంటిని ఆమె ఒంటికి ఆనించి, చేత్తో నాలుగు చుక్కల ముర్రుపాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తే గంట క్రితం ‘పాలు లేవ’న్న తల్లి ముఖం మారిపోతుంది. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, మనిషీ సమయమూ కావాలి.

నిజంగానే పాలు చాలని తల్లులు ఉంటారు. థైరాయిడ్ సమస్య, గర్భసంచిలో మాయ ముక్క మిగిలిపోవడం, రొమ్ముకు జరిగిన శస్త్రచికిత్స వంటివి కారణాలు కావచ్చు. రక్తంలో చక్కెర పడిపోయిన బిడ్డకో, ఒంట్లో నీరు ఇంకిపోతున్న బిడ్డకో పైపాలు ఆపడం ప్రమాదం. సిద్ధాంతం పేరుతో పసిబిడ్డను ఎండబెట్టే సలహాదారు కూడా పరిశోధన చదవనివారే. పైపాలు అవసరమైతే ముందు తల్లి పాలే పిండి పోయాలి, అవి చాలకపోతే దాత పాలు (వేరే తల్లులు దానం చేసినవి), ఆ తర్వాతే డబ్బాపాలు. దాత పాల కోసం హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ‘ధాత్రి’ పాలబ్యాంకు ఉంది. జిల్లాల్లోని తల్లులకు ఆ సౌకర్యం ఇంకా దూరమే.

సలహాదారులకూ ఒక మాట చెప్పాలి. పాలు గడ్డకట్టి రొమ్ము వాచినప్పుడు వేడి కాపడం పెట్టి, గట్టిగా మర్దన చేసి, పంపుతో పూర్తిగా ఖాళీ చేయమని మనం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాం. 2022లో అంతర్జాతీయ తల్లిపాల వైద్యుల సంఘం ఈ పద్ధతిని మార్చింది. గట్టి మర్దన లోపలి కణజాలాన్ని గాయపరుస్తుందని, అతిగా పిండితే పాలు మరింత ఊరి వాపు పెరుగుతుందని, చల్లని కాపడం పెట్టి, వాపు తగ్గించే మాత్రలు వాడుతూ బిడ్డకు మామూలుగానే పాలివ్వడం మేలని చెప్పింది. అయినా ఈ రోజుకీ కమిలిపోయిన రొమ్ములతో వచ్చే బాలింతలు కనబడుతున్నారు. సలహాదారుల అంతర్జాతీయ పరీక్ష 1985 నుంచి ఉంది, ఆ ధ్రువపత్రాన్ని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మన ఆసుపత్రుల్లో అదే పేరుతో పనిచేస్తున్నవారి శిక్షణ మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

సిబ్బందికి శిక్షణ ఇస్తే ఫలితం ఉంటుందా అని అడిగేవారికి తూర్పు ఐరోపా దేశమైన బెలారస్ జవాబు చెబుతుంది. 31 ప్రసూతి ఆసుపత్రుల్లో 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలతో సాగి, 2001లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నచోట మూడు నెలల వయసులో పూర్తిగా తల్లిపాల మీదే ఉన్న పిల్లలు 43 శాతం, మిగతాచోట్ల 6 శాతం. తొలి ఏడాదిలో విరేచనాల వంటి జీర్ణకోశ వ్యాధులూ తగ్గాయి.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను నేను కోరేది ఇది. ఆరోగ్య కారణం ఏమిటో రాయకుండా, ఒక పూర్తి తేపను దగ్గరుండి చూసినవారి సంతకం లేకుండా ఏ నవజాత శిశువుకూ పైపాలు రాయకూడదన్న నిబంధనను ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటికీ వర్తింపజేయాలి. ఆ పని చేసేవారికి రాత్రి డ్యూటీలోనూ పోస్టులు ఉండాలి, ఎందుకంటే సీసా ఎక్కువగా వార్డులోకి వచ్చేది రాత్రిపూటే. వారి శిక్షణ ఖర్చు ప్రభుత్వమూ ఆసుపత్రులూ మాత్రమే భరించాలి. శిశు పాలపొడి కంపెనీలు ఆరోగ్య సిబ్బంది సదస్సులకూ కోర్సులకూ డబ్బివ్వడాన్ని 1992 నాటి చట్టం, 2003లో జరిగిన సవరణతో కలిపి, నిషేధిస్తోంది. ఆ నిషేధం ఎక్కడ ఎలా అమలవుతోందో తనిఖీ చేసి, ఆ వివరాలను జిల్లాల వారీగా ప్రజల ముందు పెట్టాలి.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు, తల్లిపాల సలహాదారు,
హనుమకొండ