మెక్సికన్ అమెరికన్లంటే సరిహద్దు వార్తలేనా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వలసల మీద మీ పత్రికలో ఈ మధ్య వరసగా వస్తున్న కథనాలు చదువుతున్నాను. వాటిలో మెక్సికన్లు కనిపించేది రెండే చోట్ల: సరిహద్దు కంచె దగ్గర, మత్తుమందుల కేసుల్లో. మెక్సికన్ మూలాలున్న వాళ్లు ఈ దేశంలో మూడున్నర కోట్లకు పైగా ఉన్నారు. 1848లో కాలిఫోర్నియా అమెరికా చేతికి రాకముందు నుంచే ఇక్కడున్న కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. వాళ్ల గురించి ఒక్క మాట రాదు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల తెలుగువాళ్లం వాళ్ల మధ్యే బతుకుతున్నాం. అయినా మన కబుర్లలో మెక్సికన్ అంటే తోటపని మనిషి, లేకపోతే ఇల్లు తుడిచే మనిషి. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ అనే నటుడి గురించి రాస్తున్నాను.

ఆయన 1947లో లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టారు. తండ్రి మెక్సికో నుంచి వచ్చిన మనిషి. చిన్నప్పుడు బేస్‌బాల్, తర్వాత రాక్ బ్యాండ్, ఆ తర్వాత ఇళ్లకు ఫర్నిచర్ చేరవేస్తూ చిన్న చిన్న నాటకాలు. 1978లో లాస్ ఏంజెలెస్‌లోని మార్క్ టేపర్ ఫోరమ్ నాటకశాలలో 'జూట్ సూట్' నాటకం ఆయన జీవితాన్ని మార్చేసింది. రాసింది, నడిపించింది లూయిస్ వాల్డెజ్. 1965లో ద్రాక్షతోటల కూలీల సమ్మెలో, లారీల మీదే వేదిక కట్టి కూలీలతో నాటకాలు ఆడించిన మనిషి ఆయన.

పత్రిక నడిపేవాళ్లు ఈ నాటకం గురించి తప్పక తెలుసుకోవాలి. 1942లో లాస్ ఏంజెలెస్ దగ్గర స్లీపీ లగూన్ అనే చెరువు పక్కన ఒక యువకుడు చనిపోతే పోలీసులు మెక్సికన్ కుర్రాళ్లను గుంపులు గుంపులుగా పట్టుకెళ్లారు. సాక్ష్యం సరిగా లేకుండానే 17 మందికి శిక్ష పడింది. 1944లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఈలోగా, 1943 జూన్‌లో, 'జూట్ సూట్' అనే వెడల్పు భుజాల పొడుగు కోట్లు వేసుకున్న మెక్సికన్ కుర్రాళ్లను నౌకాదళం వాళ్లు వీధుల్లో పట్టుకుని బట్టలూడదీసి కొట్టారు. ఆ కుర్రాళ్లంతా రౌడీలేనని ఊరికి నూరిపోసింది అప్పటి పత్రికలే. అందుకే నాటకంలో తెర స్థానంలో ఒక పత్రిక మొదటి పేజీ వేలాడుతుంటుంది, వేదికంత ఎత్తున. వెనక నుంచి ఒక కత్తి దిగి కాగితాన్ని చీలుస్తుంది. ఆ చీలికలోంచి ఎల్ పచూకో అనే జూట్ సూట్ కుర్రాడు బయటికొచ్చి, తాపీగా బట్టలు సర్దుకుని, ప్రేక్షకులతో మాట్లాడటం మొదలుపెడతాడు. ఓల్మోస్ పాత్ర అదే. తర్వాత కోర్టు సీన్లో ప్రాసిక్యూటర్ స్థానంలో నిలబడి వాదించే పాత్ర పేరే 'ప్రెస్'.

లాస్ ఏంజెలెస్‌లో ఆ నాటకానికి జనం విరగబడ్డారు. 1979లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వెళ్లిన తొలి చికానో (మెక్సికన్ అమెరికన్) నాటకం అదే. న్యూయార్క్ విమర్శకులకు నచ్చలేదు, కొన్ని వారాల్లోనే ఆగిపోయింది. ఓల్మోస్‌కు మాత్రం నాటకరంగంలో పెద్ద అవార్డయిన టోనీకి నామినేషన్ దక్కింది. 1981లో వాల్డెజే దాన్ని సినిమాగా తీశారు, ఎల్ పచూకోగా మళ్లీ ఓల్మోసే.

అంత పేరొచ్చిన నటుడు వచ్చిన వేషమల్లా వేసి డబ్బు చేసుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. 'మయామీ వైస్' అనే టీవీ పోలీసు సీరియల్ వాళ్లు అడిగితే మొదట కాదన్నారు. బయట సినిమాలు చేసుకునే స్వేచ్ఛ కాంట్రాక్టులో ఉంటేనే ఒప్పుకున్నారు. పెద్దగా మాట్లాడని లెఫ్టినెంట్ కాస్టియోగా 1985లో టీవీ అవార్డు ఎమ్మీ అందుకున్నారు. 'బ్లేడ్ రన్నర్' సినిమాలో తాను వేసిన గాఫ్ పాత్ర మాట్లాడే కలగాపులగం వీధిభాషను తానే కూర్చుకున్నారు. తనవాళ్లను మంచివాళ్లుగా మాత్రమే చూపించాలన్న పట్టుదలా ఆయనకు లేదు. 1992లో స్వయంగా దర్శకత్వం వహించిన 'అమెరికన్ మీ'లో జైలు ముఠాల క్రూరత్వాన్ని ఏ మెరుపులూ లేకుండా చూపించారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ అల్లర్లలో తగలబడితే చీపురు పట్టుకుని వీధుల్లోకొచ్చి ఊడ్చారు. జనం ఆయన వెంట నడిచారు. 2001లో ప్యూర్టో రికోలోని వియెకెస్ ద్వీపం మీద నౌకాదళం బాంబుల సాధనకు వ్యతిరేకంగా నిలబడి 20 రోజులు జైల్లో ఉన్నారు.

మన తల్లిదండ్రులు చూడాల్సింది 1988 నాటి 'స్టాండ్ అండ్ డెలివర్'. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ గార్ఫీల్డ్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన హైమె ఎస్కలాంటె నిజజీవిత కథ. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది ఏపీ కాలిక్యులస్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి లెక్కల పరీక్ష) పాసయ్యారు. పరీక్ష నిర్వాహకులు 14 మందిని కాపీ కొట్టారేమోనని అనుమానించారు. వాళ్లలో 12 మంది మళ్లీ రాశారు, అందరూ పాసయ్యారు. పేద మెక్సికన్ పిల్లలు అంత మంచి మార్కులు తెచ్చుకోవడమేమిటన్న అనుమానం ఆ సినిమా చూసేవాళ్ల గొంతుకు అడ్డుపడుతుంది. ఆ పాత్ర కోసం ఓల్మోస్ బరువు పెరిగి, జుట్టు పల్చబరుచుకున్నారు. ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఒక్క విషయం మాత్రం సినిమాను నమ్మకండి: అందులో కొద్దికాలంలోనే జరిగినట్టున్న పనికి అసలు మాస్టారికి చాలా ఏళ్లు పట్టింది. కోచింగుల టెన్షన్‌లో నలిగే మన పిల్లలకు, వాళ్ల మాస్టార్లకు ఆ సంగతి కూడా చెప్పాలి.

ఈ సినిమాతోపాటు 'జూట్ సూట్', 'సెలీనా', 'బ్లేడ్ రన్నర్', 'ద బ్యాలడ్ ఆఫ్ గ్రెగోరియో కోర్టెజ్'లను కూడా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ సినిమా సంపదగా భద్రపరిచింది. అన్నిట్లోనూ ఓల్మోస్ ఉన్నారు.

సంపాదకులను నేను కోరేది ఇదే. వలసల మీద తర్వాతి కథనం వేసేముందు మీ అమెరికా విలేకరిని ఒక్కసారి ఈస్ట్ లాస్ ఏంజెలెస్ పంపండి. గార్ఫీల్డ్ స్కూలు ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి టీచర్లతో, ఇంజినీర్లతో, రంగస్థలం మనుషులతో మాట్లాడించి, వాళ్ల పేర్లతో, ఫొటోలతో వేయండి. ఇక్కడి తెలుగు సంఘాలు కూడా పండగ కార్యక్రమాల్లో ఒక సాయంత్రం మన పిల్లలకు 'స్టాండ్ అండ్ డెలివర్' చూపించాలని, పక్కవీధి మెక్సికన్ కుటుంబాలను కూడా పిలవాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు,
లాస్ ఏంజెలెస్