"అచ్చం అలాంటిదే" అని వచ్చే ఆర్డర్ల విషయంలో మార్పులు

కస్టమర్లకు,

"ఫలానా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఖర్చు మోయలేకపోతున్నాం, అచ్చం అలాంటిదే చేసిపెట్టండి" అని మీలో చాలామంది అడుగుతున్నారు. చేస్తాం. కాకపోతే ఇకపై ఇలాంటి ఆర్డర్లకు ధర పెరుగుతుంది, సమయమూ ఎక్కువ పడుతుంది. కారణం కోడింగ్ కాదు, చట్టం.

సాఫ్ట్‌వేర్ చేసే పని మీద కాపీరైట్ ఉండదు, రాసిన కోడ్ మీద ఉంటుంది. డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సాస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన కేసులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2012లో తేల్చింది ఇదే. వరల్డ్ ప్రోగ్రామింగ్ అనే కంపెనీ సాస్ సోర్స్ కోడ్ చూడకుండానే అదే పని చేసే ప్రోగ్రామ్ తయారుచేసింది. అయినా గట్టెక్కలేదు. సాస్ మాన్యువల్‌లోని రాతను తన మాన్యువల్‌లోకి తెచ్చుకున్నందుకు బ్రిటన్‌లో తప్పుబట్టారు. సాస్ లెర్నింగ్ ఎడిషన్ (నేర్చుకునేవాళ్ల కోసం ఇచ్చే వెర్షన్) లైసెన్స్ షరతులు మీరినందుకు, మోసానికి అమెరికా జ్యూరీ 2015లో వేసిన పరిహారం మూడింతలై దాదాపు 7.9 కోట్ల డాలర్లకు చేరింది.

అంటే కొంప ముంచేది చాలాసార్లు "ఏం కట్టారు" అన్నది కాదు, "ఎలా తెలుసుకున్నారు" అన్నది. అందుకే మీ పాత సాఫ్ట్‌వేర్ లాగిన్ మాకు పంపకండి. పోటీ ఉత్పత్తి తయారీకి వాడకూడదనీ, బయటివాళ్లకు ఇవ్వకూడదనీ చాలా లైసెన్సుల్లో రాసి ఉంటుంది. ఆ షరతుకు ఒప్పుకున్నది మీరు గనుక నోటీసు ముందు మీకే వస్తుంది. హెల్ప్ పేజీలు, ట్రైనింగ్ వీడియోలు, ఐకాన్లు, వాళ్ల టెంప్లేట్లు కూడా వద్దు. మీ సొంత డేటా ఎక్స్‌పోర్ట్ ఫైళ్లు, మీ పని నియమాలు చాలు.

ఆ నియమాలు ఎలా రాయాలంటే: "ఎడమవైపు మూడో ట్యాబ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కితే బాకీల లిస్టు రావాలి" అన్నది మాకు పనికిరాదు, అది వాళ్ల స్క్రీన్ వర్ణన. "బిల్లు తేదీకి 30 రోజులు దాటితే బాకీల్లో చేరాలి, కొంత కట్టి ఉంటే మిగిలిన మొత్తమే చూపాలి" అన్నది మీ వ్యాపార నియమం. దాన్ని ఎవరైనా ఎలాగైనా కోడ్ చేయవచ్చు.

మా వైపు, మీతో మాట్లాడి స్పెసిఫికేషన్ రాసేవాళ్లు కోడ్ ముట్టుకోరు. మధ్యలో ఒకరు ఆ పత్రం చదివి, అసలు సాఫ్ట్‌వేర్ నుంచి జారిన పేర్లు, వాక్యాలు కొట్టేస్తారు. కోడ్ రాసేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ వాడి ఉండకూడదు, దాని కంపెనీలో పనిచేసి ఉండకూడదు. ప్రతి వెర్షన్ తేదీతో సహా భద్రపరుస్తాం. దీన్నే క్లీన్ రూమ్ అంటారు. 1984లో ఫీనిక్స్ కంపెనీ ఐబీఎం పీసీ బయాస్‌కు (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్‌కు) ప్రత్యామ్నాయం తెచ్చింది ఇలాగే. డీకంపైల్ చేసిన (నడిచే ప్రోగ్రామ్ నుంచి వెనక్కి రాబట్టిన) కోడ్ ముక్క ఒక్కటి ఏఐ అసిస్టెంట్‌లో పేస్ట్ చేసినా ఈ కట్టుదిట్టమంతా వృథా, కాబట్టి "చిన్న స్క్రిప్టే కదా" అని పంపకండి.

పేటెంట్ ముందు క్లీన్ రూమ్ పనిచేయదు. మనంతట మనం కనిపెట్టినా ఉల్లంఘనే, అదీ సాధారణంగా దరఖాస్తు నుంచి 20 ఏళ్ల వరకు. అందుకే డిజైన్‌కు ముందు పేటెంట్ లాయర్‌తో క్లెయిమ్‌లు (పేటెంట్ సరిగ్గా దేనికి వర్తిస్తుందో చెప్పే వాక్యాలు) పరిశీలింపజేస్తాం, ఆ ఫీజు కొటేషన్‌లో విడిగా కనిపిస్తుంది. క్లెయిమ్‌లోని అంశాల్లో ఒకటి నిజంగా లేకుండా డిజైన్ చేయగలిగితే చాలావరకు బయటపడవచ్చు. కుదరకపోతే ఆ ఫీచర్ వదిలేస్తాం, బతిమాలినా చేయం.

ఏపీఐ (ఒక ప్రోగ్రామ్‌ను మరో ప్రోగ్రామ్ పిలిచి వాడుకునే ఆదేశాల పేర్లు, పద్ధతులు) అచ్చంగా సరిపోవాలన్న ఆర్డర్లు మాత్రం విడిగా చూస్తాం. జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఏపీఐలోని సుమారు 11,500 లైన్లు వాడుకోవడం ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) అని 2021లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ పక్షాన తీర్పిచ్చింది గానీ, ఏపీఐకి కాపీరైట్ ఉందా లేదా అన్నది తేల్చలేదు. పైగా ఆ కేసు దశాబ్దం పైనే నడిచింది. అంతకాలం లాయర్లను పోషించే స్తోమత మీకూ లేదు, మాకూ లేదు.

కొత్త ఒప్పందంలో మా కోడ్ వల్ల వచ్చే దావా మాది, మీరిచ్చిన ఫైళ్ల వల్ల వచ్చేది మీది. నడుస్తున్న ఆర్డర్లున్నవాళ్లు మాకు ఇచ్చిన లాగిన్‌ల పాస్‌వర్డులు మార్చేసి ఒక మెయిల్ పెట్టండి, పని అక్కడి నుంచి కొనసాగిస్తాం.