చెరువు, కొంగల కమిటీ జమా ఖర్చుల వివరణ: క్రోధి ఉగాది నుంచి విశ్వావసు ఉగాది దాకా

ఊరి పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఇంకా దూరదేశాల్లోనూ ఉన్న మన పిల్లలకు కమిటీ తరఫున నమస్కారం. 2024 ఏప్రిల్ 9 ఉగాది నుంచి 2025 మార్చి 30 ఉగాది దాకా చెరువు పేరుతో, మన చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే కొంగల (పెయింటెడ్ స్టార్కుల) పేరుతో ఎంత వసూలైంది, ఎటు పోయింది అన్న లెక్క ఇది. గుడి దగ్గర చదివి వినిపించిన రోజు సగం మంది తోటల్లో ఉన్నారు. వినని వాళ్ళు విన్నవాళ్ళను అడగడం, వాళ్ళు తలా ఒక అంకె చెప్పడం మొదలైంది. అందుకే రాసి పెడుతున్నాం.

ముందు జమ. వెనుకటి ఏడాది నిల్వ రూ. 18,640. ఇంటింటి చందా రూ. 71,850. బయటి ఊళ్ళల్లో ఉద్యోగాలు చేసే మన పిల్లలు బ్యాంకు ఖాతాకు పంపినవి అన్నీ కలిపి రూ. 1,15,000. చెరువు చేపల వేలంపాట రూ. 1,40,000కు పోగా, అందులో పంచాయతీ మన కమిటీకి ఇచ్చింది రూ. 40,000. పూడిక మట్టి తోలుకున్న రైతుల దగ్గర ట్రాక్టరు ట్రిప్పుకు రూ. 50 చొప్పున 528 ట్రిప్పులకు రూ. 26,400. చెరువులో పెరికించిన సర్కారు కంపను (సర్కారు తుమ్మను) బొగ్గు కాల్చేవాళ్ళకు అమ్మితే రూ. 63,000. చింతచెట్ల కింద ఊడ్చిన రెట్ట ఎరువుకు రూ. 9,500. గుడి దగ్గరా టీ అంగడి దగ్గరా పెట్టిన డబ్బాల్లో రూ. 7,260. బ్యాంకు వడ్డీ రూ. 1,130. మొత్తం జమ రూ. 3,52,780.

చందా పుస్తకంలో పేరు, అంకె రాయించి ఇంతవరకు ఇవ్వనివి ఇంకో రూ. 22,500 ఉన్నాయి. చేతికి రాని డబ్బును జమలో చూపలేదు. పేర్లు కూడా ఇక్కడ రాయడం లేదు. రాయించినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఇంకొక సంగతి. బెంగళూరు నుంచి ఫొటోలు తీసుకోవడానికి వచ్చే ఒక పెద్దాయన, చింతతోపు పక్కన సిమెంటు మంచె కట్టిస్తాను, దాని మీద మా నాన్నగారి పేరు పెట్టండి అన్నారు. చాలా పెద్ద మొత్తమే చెప్పారు. గూళ్ళకు అంత దగ్గర మనుషులు ఎక్కి నిలబడితే కొంగలు గుడ్లు వదిలేసి లేచిపోతాయి. లేచిన కాసేపట్లోనే కాకులు దిగుతాయి. అందుకని వద్దన్నాం. ‘వచ్చే డబ్బును కాలదన్నారు’ అని ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. నిజమే, వద్దన్నాం. ఆయన మంచె బదులు మొక్కలకు ఇస్తానంటే ఇప్పటికీ సంతోషంగా తీసుకుంటాం.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది జేసీబీ: గంటకు రూ. 1,300 చొప్పున 96 గంటలు, రూ. 1,24,800. ఎక్కువ ప్రశ్నలు వచ్చిందీ దీని మీదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

మన చెరువు లోపల మూడోవంతు సర్కారు కంప ఆక్రమించింది. ఈ కంప మన సీమకు కొత్తగా వచ్చిందేమీ కాదు. 1877లోనే కడప జిల్లా కమలాపురంలో విత్తనాలు తెప్పించి వేశారు. వంటచెరుకుకు పనికొస్తుందని వేసిన చెట్టు ఇప్పుడు చెరువుల్లో నీళ్ళు తాగుతోంది. గొడ్డలితో నరికితే మోడు నుంచి నాలుగింతలు చిగురిస్తుంది, కాబట్టి వేళ్ళతో పెకలించాల్సిందే. కూలీలను పెట్టి చేయించకూడదా అని అడిగారు. వెనుకటి ఏడాది చేయించాం. నరికిన చోటల్లా ఈ ఏడాది మళ్ళీ మనిషెత్తు కంప ఉంది. చెరువు లోపల పాతకాలం నుంచి ఉన్న నల్లతుమ్మలను మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలేదు. డ్రైవరుకు తేడా తెలియదని ముందే వాటికి సున్నం పూయించాం.

పని కొంగలు ఉండగా చేయలేం. అవి ఆగస్టులో పిల్లలతో సహా లేచిపోయాయి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు చెరువుకు నీళ్ళు వస్తాయి. ఆ మధ్యలో దొరికిన కొద్దిరోజుల్లోనే అంతా చేయాలి. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం అందరికీ టెన్షనే. అందుకే రెండు జేసీబీలు ఒకేసారి పెట్టాం, బిల్లులు రెండు కనిపించేది అందుకే.

చెరువంతా ఒకే లోతుకు ఎందుకు తవ్వించలేదు అన్నది అసలు ప్రశ్న. డబ్బు ఉంది, మిషను ఉంది, మట్టి కావాలని మల్బరీ రైతులు ట్రాక్టర్లతో వరసలో నిలబడ్డారు. అయినా పడమటి వైపు మూడెకరాలు ఏటవాలుగా వదిలేయించాం. కొంగ ఈదే పక్షి కాదు. మోకాలి లోతు నీళ్ళల్లో నడుస్తూ, ముక్కు సగం తెరిచి నీళ్ళల్లో ఉంచి, అటూ ఇటూ తిప్పుతుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. కంటితో చూసి పట్టడం కంటే ఇలా తగిలినదాన్ని పట్టడమే ఎక్కువ. అందుకే బురద నీళ్ళయినా దానికి ఇబ్బంది లేదు, లోతయితేనే ఇబ్బంది. చెరువును బావిలా నిలువు గోడలతో తవ్వితే నీళ్ళు నిండుగా కనిపిస్తాయి, కొంగకు మాత్రం నిలబడే చోటు ఉండదు. పరిగెలు (చిన్న చేపలు) గుడ్లు పెట్టేదీ ఆ పలుచని నీళ్ళల్లో, గడ్డి మొదళ్ళల్లోనే. లోతు కావలసినవాళ్ళకు కట్ట వైపు తవ్వించాం, మట్టి అక్కడిదే ఇచ్చాం. ఈ మూడెకరాల విషయంలో కమిటీలోనే రెండు పక్షాలయ్యాయి. చేతులెత్తించి తేల్చుకున్నాం.

చేపల పాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వెనుకటి పాట రూ. 1,70,000కు పోతే ఈసారి రూ. 30,000 తగ్గింది. మేం పంచాయతీని అడిగి పాటలో నాలుగు షరతులు పెట్టించాం: టపాకాయలు కాల్చి పక్షులను తోలకూడదు, పడమటి వైపు వలలు వేయకూడదు, ఎండాకాలం ఆఖరి నీళ్ళను మోటారు పెట్టి తోడేసి చేపలు ఏరుకోకూడదు, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వేయకూడదు. ఆ చేప పెంపకాన్ని ప్రభుత్వమే నిషేధించింది. అది చెరువులోకి దిగితే మిగతా చేపలు మిగలవు. షరతులుంటే పాట తగ్గుతుందని తెలిసే అడిగాం. కొంగలు చేపలు తినేస్తే పాటదారుకు నష్టం కదా అన్నదాని గురించి ఒక్క మాట: ఆయన వదిలే బొచ్చె, రాగండి పిల్లలు వానాకాలంలో చెరువులో పడతాయి. ఫిబ్రవరిలో కొంగలు వచ్చేసరికి బాగా ఎదిగిపోయి లోతుకు చేరతాయి. కొంగ ఎక్కువగా మింగేది జానెడు లోపు చేప. ఆయన సంచిలోకి పోయేది వేరు, దాని గొంతులోకి పోయేది వేరు.

తర్వాత పెద్ద ఖర్చు కాపలా, రూ. 50,000. ఇద్దరికి నెలకు రూ. 5,000 చొప్పున అయిదు నెలలు: నిరుడు ఏప్రిల్, మే, జూన్, ఈ ఏడాది ఫిబ్రవరి, మార్చి. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. కోతులు గూళ్ళు ఎక్కకుండా తోలడం, కింద పడిన కొంగ పిల్లలు కుక్కల నోట పడకుండా చూడటం, బయటి నుంచి వచ్చేవాళ్ళు డ్రోన్లు ఎగరేయకుండా ఆపడం వీళ్ళ పని. ‘కోతులను తోలడానికి జీతమా’ అని నవ్వినవాళ్ళు ఒక మధ్యాహ్నం చింతతోపులో కూర్చుని చూస్తే తెలుస్తుంది.

చింతచెట్ల యజమానులకు ఇచ్చింది 19 చెట్లకు చెట్టుకు రూ. 2,000 చొప్పున రూ. 38,000. ‘వాళ్ళ చెట్టు మీద కొంగ వాలితే మన డబ్బు ఎందుకివ్వాలి’ అన్నారు కొందరు. చింతకాయ దులిపే కాలం, కొంగలు పుల్లలు మోసుకొచ్చే కాలం ఒకటే. గూళ్ళు పడ్డాక గడకర్రలు పెట్టి దులిపితే ఆ ఏడు ఆ చెట్టు మీద కొంగ మళ్ళీ వాలదు. అందుకని జనవరి ఆఖరుకు అందినంత దులుపుకోండి, మిగిలింది చెట్టుకు వదిలేయండి అని ఒప్పించాం. పైగా రెట్ట పడిన కొమ్మ తెల్లబారిపోతుంది, కాపు తగ్గుతుంది. రూ. 2,000 ఆ నష్టానికి సరిపోదని మాకూ తెలుసు. ఇద్దరు యజమానులు ఆ డబ్బు తీసుకుని మళ్ళీ డబ్బాలో వేశారు. అది డబ్బా లెక్కలోనే కలిసి ఉంది, విడిగా చూపమని వాళ్ళు అడగలేదు.

ఈ పద్ధతి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులో గూడబాతులు, కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. అక్కడ చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, కింద పడిన పిల్లలను ఒక దడిలో పెట్టి పెంచుతారు. డిసెంబరులో కమిటీ వాళ్ళూ, చెట్ల యజమానులూ వెళ్ళి చూసి వచ్చారు. వ్యాను బాడుగ, భోజనాలు కలిపి రూ. 11,200. ఇది విహారయాత్ర అన్నవాళ్ళకు ఒకటే జవాబు: ఆ వ్యాను ఎక్కకముందు అయిదుగురు యజమానులు దులిపి తీరతామన్నారు, దిగాక ఒక్కరూ అనలేదు. మనకు దగ్గరలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఇవే కొంగలు చింతచెట్ల మీద ఏళ్ళ తరబడి గూళ్ళు పెడుతున్నాయి. అక్కడివాళ్ళు వాటిని వానకు శకునంగా చూసుకుంటారు. అక్కడికి మన పిల్లలు మోటారు సైకిళ్ళ మీద సొంత పెట్రోలుతో వెళ్ళారు, ఖర్చు లేదు.

చెట్ల కింద వలలకు రూ. 21,350. మొదట పాత చేపల వల కడదామనుకున్నాం. కన్నాల్లో కాళ్ళు ఇరుక్కుంటాయని, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ తెచ్చి వెదురు గుంజలకు వదులుగా కట్టించాం. మార్చిలో పడిన మొదటి పిల్ల బెదిరిపోయి, తల్లి తినిపించిన చేపలన్నీ వల మీదే కక్కేసింది. ఏడు పరిగెలు, ఒక చిన్న జెల్ల. చుట్టూ చేరిన ఊరి పిల్లలు లెక్కపెట్టి చెప్పారు. ఆ పిల్లను నిచ్చెన వేసి మళ్ళీ గూట్లోనే పెట్టించాం.

కింద పడిన పిల్లల మేత చేపలకు రూ. 17,400, పశువుల డాక్టరు రాసిన మందులకు రూ. 3,150. ఇవి ఎక్కువగా నిరుడు మే, జూన్ నెలల ఖర్చు. 2023లో వానలు లేక మన జిల్లాలో కరువు పడింది. దాంతో నిరుడు ఎండాకాలం చెరువు అడుగంటింది, తల్లులు మేతకు చాలా దూరం పోయేవి. ఎండకు రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పట్టే తల్లి కూడా ఆకలికి లేచిపోతే గూట్లో పిల్ల ఎంతసేపని నిలుస్తుంది? పడిన పిల్లలను అటవీ శాఖ వారికి చెప్పి, వాళ్ళు చెప్పినట్టే దడిలో పెట్టాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని ఎవరూ సొంతంగా ఇంట్లో పెంచుకోకూడదు. కొంగ పిల్లలను ముచ్చటపడి ఇంటికి తీసుకుపోయిన ఊరి పిల్లలు దయచేసి గుర్తుపెట్టుకోండి.

మిగతావి చిన్నవి. వెనుకటి ఏడాది నాటిన మొక్కలకు నిరుడు ఏప్రిల్, మే నెలల్లో 35 ట్యాంకర్ల నీళ్ళు, రూ. 21,000. సెప్టెంబరులో కొత్తగా నాటిన నల్లతుమ్మ, చింత, మర్రి మొక్కలకు గుంతలు, చుట్టూ ముళ్ళకంచె రూ. 23,700. మొక్కలు అటవీ శాఖ నర్సరీ నుంచి ఉచితంగా వచ్చాయి. శ్రమదానం రోజుల్లో టీలు, టిఫిన్లు రూ. 8,460. నోటీసులు, జిరాక్సు, బ్యాంకు చార్జీలు రూ. 1,940. నోటీసుల్లో ‘సైబీరియా కొంగలు’ అని ఎందుకు వేయలేదని కుర్రాళ్ళు అడిగారు. ఇవి సైబీరియా నుంచి రావు, మన దేశం కొంగలే. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి పోతాయి, అంతే.

మొత్తం ఖర్చు రూ. 3,21,000. నిల్వ రూ. 31,780. అందులో బ్యాంకులో రూ. 30,280, కోశాధికారి చేతిలో రూ. 1,500.

ఈ నిల్వ ఏప్రిల్, మే, జూన్ కాపలా జీతాలకే చాలుతుంది. పడమటి వైపు మళ్ళీ తలెత్తుతున్న కంప పిలకలను లేతగా ఉన్నప్పుడే పీకించడానికి వేరే డబ్బు చూసుకోవాలి. రాయించి ఇవ్వని ఆ రూ. 22,500 వస్తే సరిపోతుంది. రసీదు పుస్తకాలు, జేసీబీ మీటరు చీటీలు, మట్టి ట్రిప్పుల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు పంచాయతీ ఆఫీసులో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఏ అంకె మీద అనుమానం ఉన్నా వచ్చే పౌర్ణమి లోపల రాసి ఇవ్వండి, ఆ రోజు సాయంత్రం గుడి దగ్గర అందరి ముందు జవాబు చెప్తాం. కొత్త కమిటీ ఎన్నిక కూడా అదే రోజు. కోశాధికారి పదవికి ఈసారి ఆడవాళ్ళలో ఎవరైనా ముందుకు రావాలని కమిటీ కోరుతోంది.