విషయం: మీ కంబాట్ కార్డు మీద "ఏసీ 17 వరకు ఎప్పుడూ పవర్ ఎటాకే" అన్న లైన్ తప్పు, మార్చండి

కస్టమర్ కేర్ వారికి నమస్కారం.

పోయిన నెల 649 రూపాయలు పెట్టి మీ దగ్గర డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటకి ఫైటర్ల (ఆయుధాలతో పోరాడే పాత్రల) కంబాట్ కార్డుల సెట్ కొన్నాను. ప్రింటింగ్, అట్ట అన్నీ బాగున్నాయి. గొడవంతా గ్రేట్ వెపన్ మాస్టర్ కార్డుతోనే. ఏసీ అంటే దెబ్బ తగలాలంటే పాచిక, ఎటాక్ బోనస్ కలిపి చేరాల్సిన అంకె. పవర్ ఎటాక్ అంటే ఆ మొత్తంలో 5 తగ్గించుకుని, తగిలితే డ్యామేజీ 10 పెంచుకోవడం. 2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఈ మైనస్ 5, ప్లస్ 10 బేరం తీసేశారు గానీ, మీ డబ్బా మీద 2014 రూల్స్ అనే ఉంది, మేం ఆడేదీ అవే.

ఆదివారం మా ఇంట్లో ఆట పెట్టుకున్నాం, ఆట నడిపే డీఎం నేనే. మా అక్క కొడుకుకి పదమూడేళ్లు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడడం వాడికి అదే మొదటిసారి. లెవెల్ 1 ఫైటర్, చేతిలో గ్రేట్‌సోర్డ్, ఎటాక్ బోనస్ ప్లస్ 5. ఎదురుగా గోబ్లిన్, ఏసీ 15. వాడు మీ కార్డు చూసి ప్రతి దెబ్బకీ పవర్ ఎటాక్ అన్నాడు. డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద వరసగా 12, 10, 14 పడ్డాయి. మామూలుగా కొట్టి ఉంటే మూడూ తగిలేవి, ఆ మైనస్ 5 వల్ల మూడూ పోయాయి. నాలుగో రౌండ్‌లో వాడి ఫైటర్ పడిపోయాడు. పిల్లాడు చిన్నబుచ్చుకుని కార్డు పక్కన పెట్టేసి ఇంక పాచిక ముట్టుకోలేదు.

ఇది పాచిక పారకపోవడం కాదు. మీరు సగటు డ్యామేజీ ఒక్కటే చూశారు: మామూలుగా 55 శాతం తగులుతుంది, సగటున 10, అంటే దెబ్బకి 5.5, పవర్ ఎటాక్‌కి 30 శాతం, సగటున 20, అంటే 6. లెక్క వరకు సరే. కానీ ఆ గోబ్లిన్‌కి ఉన్నదే 7 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) కదా! 2డీ6 ప్లస్ 3తో (రెండు ఆరు ముఖాల పాచికల మొత్తానికి 3 కలిపి) తగిలిన దెబ్బ 36లో 33 సార్లు దాన్ని చంపేస్తుంది, అంటే మామూలు దెబ్బకి చచ్చే అవకాశం దాదాపు 50 శాతం, పవర్ ఎటాక్‌కి 30. ఎక్కువొచ్చిన డ్యామేజీ ఎవరికి పనికొస్తుంది? చావని గోబ్లిన్ మళ్లీ వచ్చి కొడుతుంది, లెవెల్ 1లో అదే ప్రాణాల మీదికి తెస్తుంది.

అదే 59 హెచ్‌పీ, ఏసీ 11 ఉన్న ఓగర్ మీదైతే మీ మాట నిజమే, మామూలు దెబ్బకి సగటు 7.5 అయితే పవర్ ఎటాక్‌కి 10 వస్తుంది, అక్కడ నేనే పవర్ ఎటాక్ చెయ్యమంటాను. ఇంకోటి, 17 అన్న అంకె ఏ లెవెల్‌కో రాయలేదు. ప్లస్ 7 బోనస్, స్ట్రెంగ్త్ 18 ఉన్నవాడికి 17 సరిపోతుంది, మా వాడికి ఏసీ 16 దగ్గరే రెండూ సమానం, 17కి నష్టం. అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఉంటే మళ్లీ వేరు, అదే ఏసీ 16 మీద 7.5కి 8.75 అవుతుంది.

దీని గురించి ఒకసారి మెయిల్ చేస్తే "ఆటలో లక్ కూడా ఉంటుంది" అని జవాబిచ్చారు. నేనడిగింది లక్ గురించి కాదండీ. కొత్తగా ఆడేవాళ్లకి ఇవన్నీ లెక్కేసుకోవడం రాదనే కదా కార్డు కొనేది.

డబ్బు వాపసు వద్దు. "ఎప్పుడూ" అన్న మాట తీసేసి, ఎటాక్ బోనస్‌కీ శత్రువు హెచ్‌పీకీ చెరో కాలమ్ పెట్టి, సరిచేసిన కార్డు పంపండి. ఇప్పటికే కొన్నవాళ్లకి కూడా పంపండి. కార్డు ఫోటో, బిల్లు జత చేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ ఆట ఉంది, వాడు వస్తానన్నాడు, ఆలోపు అందేలా చూడండి.

ఇట్లు,
మీ కార్డులు కొన్న ఒక డీఎం